సెగ అక్కర్లేని డప్పులు

చావు ఇంట్లో టైము మాట్లాడుకోవడమంత ఇబ్బంది ఇంకే పనిలోనూ ఉండదు. పెళ్ళివారినైతే ముహూర్తం ఎన్నింటికండీ అని నవ్వుతూ అడగొచ్చు. ఇక్కడ ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిన మనిషి ముందు చేతులు కట్టుకుని, "ఎన్నింటికి లేపుతారండీ?" అనాలి. అడిగితే జాలి లేనివాడంటారు. అడగకపోతే మన కుర్రాళ్ళు చస్తారు. నేను అడిగాను. అడిగినా నా ముందు పళ్ళు రెండు పోయాయి.

నా పేరు కృపారావు. నందిగామలో చిన్న షాపు నాది. ఫ్రీజర్ బాక్సు, షామియానా, కుర్చీలు, పాడె కట్టే బొంగులు, డప్పులు, అన్నీ ఒక్క ఫోనుకే ఇంటికొస్తాయి. మొన్న వానాకాలంలో ఒక పొద్దున చంద్రమౌళి గారు ఫోన్ చేశారు. పెనుగంచిప్రోలు వెళ్ళే దారిలో, మునేటి ఒడ్డున వాళ్ళ ఊరు. మిరప, పత్తి, లారీలు, జగ్గయ్యపేటలో ఎరువుల కొట్టు. ఊళ్ళో ఆయన మాటకు ఎదురు లేదు.

"కృపారావూ, అమ్మ పోయిందిరా."

"అయ్యో, సుబ్బమ్మ గారా? ఎప్పుడండీ?"

"తెల్లారుగట్ల. బాక్సు పంపించు, డప్పులు పంపించు. ఈ ముసురుకి మీ తోలు డప్పులు తుస్సుమంటయ్యి. ఊరంతా వినపడాల."

"ఫైబర్‌వి కొత్తవి తెచ్చానండీ. వానకేం గావు. మరి... ఎన్నింటికి లేపుతారు?"

"పదింటికి మొదలెట్టండి. రెండింటికల్లా లేపేస్తాం."

"రెండు దాటితే కుర్రాళ్ళ చేతులు ఆగవండీ. ముందే చెబుతున్నా, ఏమనుకోవద్దు."

"రెండన్నా గదరా! అమ్మ చచ్చి నేనేడుస్తుంటే నీ గడియారం గోలేంది?"

ఫోను పెట్టేసి కుర్రాళ్ళను పిలిచాను.

ఇక్కడ డప్పుల సంగతి కొంచెం చెప్పాలి. తోలు డప్పు ఎంతోసేపు మోగదు. చెమ్మ తగిలితే మెత్తబడి, గొంతు పోయినవాడిలా అయిపోతుంది. అప్పుడు ఆపి, గడ్డో అట్టముక్కలో అంటించి, డప్పును సెగకు చూపించాలి. తోలు బిగిశాక మళ్ళీ కొట్టాలి. డప్పు కాచుకుంటున్నారంటే ఎంత పెద్ద షావుకారైనా ఏమీ అనడు. తాతల కాలం నుంచి మా వాళ్ళకు దొరికిన విశ్రాంతి ఆ మంట దగ్గరే. బీడీ కాల్చుకునేది, మంచినీళ్ళు తాగేది, వేళ్ళు విరుచుకునేది అక్కడే. ఫైబర్ డప్పుకి ఆ గొడవ లేదు. నాలుగు బోల్టులు బిగిస్తే రోజంతా ఖణేల్మంటుంది. వానాకాలానికి బాగుంటాయని హైదరాబాదు నుంచి తెప్పించాను. మోత వింటే ముచ్చటేసింది. కాచే పని పోతే కూర్చునే పని కూడా పోతుందని ఆ ముచ్చటలో నాకు తట్టలేదు.

వ్యాను ఎక్కేటప్పుడు మా అక్క పరిమళ పరిగెత్తుకుంటూ వచ్చింది. ఆమె కొడుకు బెన్ని మా డప్పులకు పెద్ద. వాడు మొదటి దెబ్బ వేస్తేనే మిగతావాళ్ళు అందుకుంటారు. మంచి పనివాడు, ముక్కు మీద కోపం. పోయిన ఏడాది చిల్లకల్లు దగ్గర లారీల అడ్డాలో ఒకడు తల్లిని తిట్టాడని వాడి దవడ విరగ్గొట్టాడు. బెయిలు మీద ఉన్నాడు. ఇంకొక్క కొట్లాట కేసు పడితే మళ్ళీ లోపలికే, ఈసారి బయటికి తేవడం తన వల్ల కాదని లాయరు ముందే చెప్పేశాడు.

"తమ్ముడూ, పెద్దోళ్ళ ఇల్లు. వాడి చెయ్యి ఎవరి మీదా పడనీకు. పడిందా, నా కొడుకు నాకు లేనట్టే."

"నేనున్నా గదక్కా."

"నువ్వు పక్కనే ఉండగానే గదరా అప్పుడు దవడ విరగ్గొట్టింది," అంది అక్క.

బెన్ని నవ్వాడు. నేను నవ్వలేదు.

పదింటికి మొదలైంది. బాక్సు వ్యాను నడిపే మొహిద్దీన్ వసారాలో బాక్సు దింపి కరెంటు పెట్టాడు. సుబ్బమ్మ గారు అందులో పసుపు రాసిన ముఖంతో చిన్నపిల్లలా పడుకుని ఉంది. పెద్ద ఆవరణ, చుట్టూ ప్రహరీ, ఇనుప గేటు. ఒక మూల షామియానా. ఇంకో మూల పాడె కట్టడానికి పచ్చి బొంగులు. సన్నగా వాన. మా వాళ్ళు ఎనిమిదిమంది గేటు పక్కన నిలబడి వాయిస్తుంటే కిటికీ అద్దాలు అదిరాయి. చంద్రమౌళి గారు తెల్ల చొక్కా వేసుకుని మెట్ల మీద కూర్చుని, "ఆఁ, అదీ!" అన్నారు.

రెండు దాటింది. పాడె కట్టే జాడే లేదు. అసలు సంగతి మొహిద్దీన్ కనుక్కుని వచ్చాడు. చంద్రమౌళి గారి తమ్ముడు నరేంద్ర నందిగామలో ఉంటాడు. పొలం గట్టు దగ్గర గొడవై అన్నదమ్ములకు ఏళ్ళ తరబడి మాటల్లేవు. తల్లి పోయిందని తెలిసి వచ్చాడుగానీ, ఊరి సెంటర్లో టీ కొట్టు దగ్గర కారులోనే కూర్చున్నాడు. అన్న వచ్చి పిలిస్తేనే గేటు దాటతానంటాడు. తమ్ముడు వచ్చేదాకా లేపనని, పిలవడానికి మాత్రం కదలనని అన్న అంటాడు.

"అన్నా, ఈ ఇంట్లో ప్రశాంతంగా ఉంది ఆ బాక్సులో పడుకున్న పెద్దమ్మ ఒక్కతే," అన్నాడు మొహిద్దీన్.

మెట్ల దగ్గరికి వెళ్ళాను.

"మౌళి గారూ, రెండు దాటిందండీ."

"దాటితే?"

"కుర్రాళ్ళు కాసేపు కూర్చుంటారండీ. తమ్ముడు గారు రాగానే మళ్ళీ అందుకుంటారు."

"పిచ్చోడివా? తల్లి చచ్చిందని ఆ డప్పే గదరా వాణ్ణి పిలిచేది. అది ఆగితే నేను లొంగానని వాడక్కడ టీ తాగుతా నవ్వుతాడు. వాడి చెవుల్లోంచి నెత్తురు రావాల, వచ్చి నా గడపలో పడాల. కొట్టమను."

"పోనీ సగం మంది కూర్చుని సగం మంది..."

"సగం మోత వద్దు నాకు."

"నాలుగు గంటల పనికి మాట్లాడుకున్నామండీ..."

ఆయన లేచి నా చొక్కా గుండీల దగ్గర పట్టుకున్నాడు. ఒక గుండీ తెగి మెట్ల మీద పడింది. "మా అమ్మకి గంటలు కడతావా?" అని ఛాతీ మీద తోశాడు. నేను వెనక్కి బురదలో పడ్డాను. డప్పు ఒక్కసారి తడబడింది. బెన్ని చూస్తున్నాడు. నేను నవ్వుతూ లేచి, చెయ్యి ఊపి, కొట్టండని సైగ చేశాను. వాడి కోసమే ఆ నవ్వు.

ఆ తర్వాత గేటు మూయించారు. ఆయన మనుషులు నలుగురు గేటుకు అడ్డంగా కుర్చీలు వేసుకుని కూర్చున్నారు.

కొట్టీ కొట్టీ మా వాళ్ళ వేళ్ళ మధ్య బొబ్బలు లేచి పగిలాయి. పుల్లలు ఎర్రబడి జారిపోతున్నాయి. ఒకతను పుల్ల వదిలేసి చెయ్యి చంకలో పెట్టుకున్నాడు. మెట్ల మీంచి చంద్రమౌళి దిగి వచ్చి చెంప మీద ఒక్కటి పీకాడు. ఆ దెబ్బ డప్పు మోతలో కూడా వినపడింది. అతని ముక్కులోంచి నెత్తురు బొటబొటా డప్పు మీద పడుతుంటే, దాని మీదే వాయించాడు. వాయించిన ప్రతిసారీ ఎర్రగా తుంపర లేస్తోంది. వసారాలో ఆడవాళ్ళు ఏడుపు ఆపి చూశారు. 

బెన్ని నా పక్కకు జరిగాడు. "మావా, ఇంకొకణ్ణి ముట్టుకుంటే నేనాగను."

"ఆగాల. మీ అమ్మ మొహం గుర్తు తెచ్చుకో."

"అయితే మంట వెయ్యి."

"ఎందుకురా?"

"కాచుకుంటాం. కాచుకునేటప్పుడు ఎవడూ ఏమనడుగా."

నాకు అర్థమైంది. మొహిద్దీన్ వ్యానులోంచి అట్టపెట్టెలు తెచ్చి షామియానా అంచున అంటించాడు. ఎనిమిదిమందీ డప్పులు ఆపి మంట చుట్టూ గొంతుకూర్చున్నారు. ప్లాస్టిక్ డప్పుల్ని సెగకు దూరంగా పట్టుకుని, అటూ ఇటూ తిప్పుతూ, వేలితో తట్టి చెవి పెట్టి వింటూ, నిజంగా తోలు కాస్తున్నట్టే నటిస్తున్నారు. ఒకతను బీడీ అంటించాడు. ఇంకొకతను కళ్ళు మూసుకున్నాడు. మోత ఆగేసరికి వాన చప్పుడు వినిపించింది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

గేటు దగ్గరున్నవాడు అరిచాడు. "అన్నా! ఫైబర్ డప్పుల్ని కాస్తన్నారన్నా! మనల్ని ఎర్రిపప్పల్ని జేస్తన్నారు!"

చంద్రమౌళి వచ్చాడు. ఆ రోజంతా తమ్ముడి మీద పేరుకున్న కోపమంతా ఆ ముఖంలో ఉంది.

"కాచుకుంటున్నార్రా?"

"చెమ్మగా ఉన్నయండీ..." అన్నాను.

నన్ను చూడలేదు. బెన్ని మెడకు వేలాడుతున్న డప్పు తాడు పట్టుకుని గొడ్డును లాగినట్టు ముందుకు లాగాడు. బెన్ని మోకాళ్ళ మీద పడ్డాడు. "కాచుకో! బాగా కాచుకోరా!" అంటూ డప్పును పట్టుకున్న చేత్తో సహా మంటలో అదిమాడు. ఫైబర్ ముడుచుకుని, బుడగలు లేచి, నల్లగా కారింది. ఆ కారింది బెన్ని ఎడం చేతి మీద అంటుకుపోయింది. వాడు పెట్టిన కేక మనిషి కేకలా లేదు. ప్లాస్టిక్కు, చర్మం కలిసి కాలిన కంపు. చంద్రమౌళి మోకాలు వాడి వీపు మీద పెట్టి ఇంకా అదుముతున్నాడు. నేనూ మొహిద్దీనూ వెళ్ళి లాగబోతే, నలుగురూ పడి మమ్మల్ని ఈడ్చి అవతల పడేశారు. నేను పడింది పాడె బొంగుల మీద.

తల తిప్పి చూసేసరికి బెన్ని ఎలాగో విదిలించుకుని లేచి నిలబడ్డాడు. ఎడం చెయ్యి వేలాడుతోంది. కుడి చేత్తో పక్కవాడి నడుముకున్న బోల్టులు బిగించే రెంచి లాగాడు. చంద్రమౌళి వాడికి వీపు తిప్పి, మిగతావాళ్ళను వాయించమని అరుస్తున్నాడు. బెన్ని రెంచి పైకి లేచింది. అది పడితే చంద్రమౌళి తల్లితో పాటే మునేటి ఒడ్డున కాటికి పోతాడు. వాడు జైలుకు పోతాడు. అక్క బతికుండగానే పోతుంది.

"బెన్నీ!" అన్నాను. వినిపించుకోలేదు.

చేతికి దొరికిన బొంగు తీసుకుని లేచాను. బెన్ని కంటే ముందు చేరాను. ఎలా చేరానో తెలియదు. రెండు చేతులతో ఎత్తి చంద్రమౌళి తల మీద కొట్టాను.

పచ్చి బొంగు నిలువునా చీలింది. నుదురు పగిలి, నెత్తురు కంట్లోకి, తెల్ల చొక్కా మీదకు కారింది. ఆయన కూర్చుండిపోయాడు. తల్లి పాడె బొంగు బతికున్న కొడుకు తల మీద పడింది.  బెన్ని రెంచి గాల్లోనే ఆగింది. మొహిద్దీన్ దాన్ని వాడి చేతిలోంచి గుంజి నీళ్ళ గోళెంలో పడేశాడు.

తర్వాత నన్ను కొట్టారు. ఎవరు ఎక్కడ తన్నారో లెక్క తెలియదు. చెప్పు కాలు ఒకటి నోటి మీద పడింది. నాలుక మీద పళ్ళు రాళ్ళలా దొర్లాయి. పక్కటెముక దగ్గర ఏదో పుటుక్కుమంది. బెన్ని వాళ్ళ మీదికి దూకబోతే మా కుర్రాళ్ళు ఏడుగురూ వాణ్ణి గోడకు అదిమి పట్టుకున్నారు. నేను కింద నుంచే, నెత్తురు ఉమ్ముతూ, "పట్టుకోండ్రా! వదలొద్దు!" అని అరుస్తున్నాను. నన్ను తంతున్నవాడు తననే పట్టుకోమంటున్నానేమోనని ఒక క్షణం ఆగి, మళ్ళీ తన్నాడు.

డప్పు అంతసేపు ఆగేసరికి సెంటర్లో కూర్చున్న నరేంద్ర, తనకు తెలియకుండా చప్పుడు లేకుండా తల్లిని లేపేస్తున్నారనుకున్నాడు. కారు వచ్చి గేటును గుద్దింది. ఇనుప తలుపు ఒకటి ఊడి లోపలికి పడింది.

"నేను లేకుండా లేపుతావురా? కన్నకొడుకుని కాదా నేను?"

నెత్తురు కారుతూ కూర్చున్న అన్నను చూసి కూడా ఆగలేదు. వెళ్ళి గుండెల మీద తన్నాడు. చంద్రమౌళి వాడి కాలు పట్టుకుని లాగాడు. ఇద్దరూ బురదలో పడి ఒకరి గొంతు ఒకరు నులుముకుంటున్నారు. అన్న మనుషులూ తమ్ముడితో వచ్చినవాళ్ళూ కుర్చీలతో కొట్టుకుంటూ వసారాలోకి ఎగబడ్డారు. బాక్సు ఒక పక్కకు ఒరిగింది. మొహిద్దీన్ దాని మీద బోర్లా పడి రెండు చేతులా పట్టుకున్నాడు. ఒక కుర్చీ వాడి వీపు మీదే విరిగింది.

"ముసలమ్మ మీద పడతారేందిరా! ఆమెనన్నా వదలండిరా, సిగ్గులేనోళ్ళారా!"

ఆ మాటకో, ఎవరో ఫోన్ చేస్తే అప్పుడే వచ్చిన పోలీసు జీపు హారనుకో, అందరూ ఆగారు.

ఎస్ఐ గారు వయసులో చిన్నవాడు. బురద తొక్కకుండా నడవడానికి చూసి, కుదరక మామూలుగా నడిచి వచ్చాడు. "తల పగలగొట్టిందెవరు?"

చంద్రమౌళి తువ్వాలు నుదుటికి నొక్కుకుని వేలు చూపించాడు. "వాడు సార్. బెన్నిగాడు. పోయినేడు చిల్లకల్లులో దవడ విరగ్గొట్టింది వీడే. పాత కేసున్నోడు."

"అవును సార్, వాడే," అన్నారు నలుగురూ ఒక్క గొంతుతో.

నేను గోడ పట్టుకుని లేచాను. "నేను సార్ కొట్టింది. కృపారావుని. వాడు చెయ్యెత్తలేదు." పళ్ళు లేక మాట గాలిలా పోతోంది.

"నువ్వు వాడికేమవుతావయ్యా?"

"మేనమామని."

"మరి అట్టాగే అంటావుగా."

అరచేతులు చాపాను. చీలిన బొంగు పేళ్ళు రెండు అరచేతుల నిండా దిగబడి ఉన్నాయి. బెన్ని చెయ్యి కూడా చూపించాను. ఎస్ఐ అది చూసి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "ముందు వీణ్ణి హాస్పిటల్‌కి పంపండి," అని కానిస్టేబుల్‌తో అని, మళ్ళీ నా వైపు తిరిగాడు. "చేతుల్లో పేళ్ళుంటే బొంగులు మోశావంటారు. అయిదుగురు చెబుతున్నారు. నేనేం రాయను?"

అప్పుడు ఊరి పెద్ద ఒకాయన చంద్రమౌళి చెవిలో కాకుండా అందరికీ వినపడేలా అన్నాడు. "మౌళీ, పొద్దు గూకుతోంది. చీకటి పడితే ఇంక రేపే. అమ్మనెన్నాళ్ళు బాక్సులో పెడతావు? లేపు."

చంద్రమౌళి తల ఊపాడు. "డప్పందుకోండ్రా."

ఎవరూ కదలలేదు. ఏడు డప్పులు నేల మీదే ఉన్నాయి. మా కుర్రాళ్ళు నా ముఖం చూశారు. 

"ఏంట్రా, చెవుడా?"

గేటు బయట సందంతా జనం. తమ్ముడి తరపు వాళ్ళు, చుట్టాలు, అరుగుల మీద ఆడవాళ్ళు. అంత ఇంటి మనిషి ఒక్క డప్పు దెబ్బ కూడా లేకుండా ఊరేగుతుందంటే ఆయనకు పగిలిన తల కంటే ఎక్కువ నొప్పి. దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"ఏం కావాల్రా నీకు?"

"కొట్టిందెవరో సార్‌కి నిజం చెప్పండి. మీ నోటితో. మావాళ్ళు వాయిస్తారు."

"చెప్పకపోతే?"

"మీ అమ్మగారు మౌనంగా పోతారండీ. నేనేం బలవంతం చెయ్యను."

పెదవి కొరుక్కున్నాడు. వెనక నుంచి నరేంద్ర నవ్వాడు. వాడి నోట్లోనూ నెత్తురుంది. "చెప్పన్నా! ముసలోడు కొడితే కిందపడ్డానని చెప్పుకోటానికి సిగ్గా? అందుకేగా కుర్రోడి పేరు పెడతన్నావు!"

"నాకు యాభై రెండేనండీ," అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

చంద్రమౌళి తమ్ముడిని చూశాడు, బాక్సును చూశాడు. "రాసుకోండి సార్. వీడే. ఈ కృపారావుగాడే కొట్టింది. ఆ కుర్రోడు కొట్టలేదు."

"ఇంకోసారి చెప్పండి. ఆ కుర్రాడు చెయ్యెత్తలేదుగా?" అన్నాడు ఎస్ఐ.

"లేదన్నా గదండీ!"

"చెయ్యి కాల్చినందుకు మీ మీదా పడుద్ది కేసు. ముందు అమ్మ పని కానివ్వండి. ఎక్కడికీ పోరుగా." నా భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు జీపెక్కవయ్యా."

ఎక్కే ముందు చంద్రమౌళి వైపు తిరిగాను. "మునేరు దాకేనండీ. ఒడ్డున దించగానే ఆపేస్తారు. మధ్యలో నీళ్ళు తాగడానికి ఆగుతారు. అప్పుడెవరూ ఏమనకూడదు."

 ఆయన తల కొంచెం కిందికి వంచాడు. అదే ఒప్పందం అనుకున్నాను.

బెన్నిని మొహిద్దీన్ ఎవరిదో బండి మీద కూర్చోబెట్టుకుని నందిగామ తీసుకుపోయాడు. పోతూ పోతూ బెన్ని వెనక్కి తిరిగి, బాగున్న చెయ్యి పైకెత్తాడు.  అక్కకు ఏం చెప్పాలో మొహిద్దీన్‌కు తెలుసు. కొడుకు ఇంటికే వస్తాడు.

మిగిలిన బొంగులతో పాడె కట్టారు. ముందు ఒక కొమ్ము అన్న, ఒక కొమ్ము తమ్ముడు. నెత్తుటి ముఖాలతో, ఒకరినొకరు చూసుకోకుండా. వాన వెలిసింది. డప్పు మొదలైంది. బెన్ని లేడు కాబట్టి మొదటి దెబ్బ ఎవరు వేయాలో తెలియక కాస్త తడబడి, తర్వాత కుదురుకుంది.

జీపులో నా పక్కన కూర్చున్న కానిస్టేబుల్ పెద్దాయన కిటికీలోంచి చాలాసేపు విన్నాడు.

"బాగా కొడతన్నారయ్యా, ఆ చేతుల్తో కూడా. ఎంతసేపు కొడతారు?"

"మునేటి దాకానండీ," అన్నాను. "అక్కడ ఆపేస్తారు."